చక్కెర లేని ఇల్లు

మా ఇంట్లో చక్కెర లేకుండా చేసింది నేనే. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే ఆ రోజు సంగతి వస్తే మా చుట్టాలందరూ అది అమ్మ పొరపాటు అనే అంటారు. అమ్మ చేసింది నేను నేర్పిందే.

నాన్న మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ఆపరేటర్. తెల్లవారి ఐదింటికే వెళ్లి, ఊక వేసి బాయిలర్ లేపుతాడు. ఆవిరి పట్టాక ఎనిమిదింటికి ఇంటికొచ్చి, తిని, మళ్లీ వెళ్తాడు. అక్కడ మంట ముందు నిలబడేవాళ్లకు టీ అంటే తిండి కంటే ముఖ్యం. కెటిల్ వచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు. గ్లాసుకు రెండు చెంచాల చక్కెర. రోజుకు ఐదు గ్లాసులు తక్కువ కాకుండా తాగేవాడు. షుగర్ ఉందని తెలిసి నాలుగేళ్లైనా ఆ లెక్క మారలేదు. కాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు పడి, నెలన్నర దాకా మానకపోయేసరికి మేం నాన్నను సూర్యాపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రిపోర్టు చూసి పొద్దున వేసుకునే టాబ్లెట్ మోతాదు పెంచారు.

"ఇది వేసుకున్నాక తినకుండా ఉండొద్దు. ఎప్పుడైనా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే షుగర్ పడిపోయినట్టు. వెంటనే తీపి ఇవ్వండి" అన్నారు.

నేను అది నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నాకు ప్రతిదీ రాసుకునే అలవాటు ఉంది. డిప్లొమాలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌ని. కోదాడలో కిరాయి గదిలో ఉండి, వారానికో రోజు ఇంటికి వస్తాను. వేడిని, ఒత్తిడిని కొలిచే సెన్సర్లు సరిగ్గా చెప్తున్నాయా లేదా చూడటం నా పని. డాక్టరు చెప్పింది రాసుకుని, బస్సులోనే అమ్మకు ఒక్క మాటలో అప్పజెప్పాను.

"నాయినకు చెమటలు పట్టి మాట తడబడితే తీపి ఇయ్యాలె. మర్చిపోకు."

"చెమటలు పట్టితే తీపి" అని అమ్మ నాలుగుసార్లు తనలో తాను అనుకుంది. అమ్మకు రాసుకునే అలవాటు లేదు. అనుకుంటే మర్చిపోదు.

చక్కెరకు బదులు ఆకు వాడుకునే స్టీవియా మొక్క కోదాడలోనే దొరికింది. బస్టాండు నుంచి నా గదికి వెళ్లే దారిలో ఒక నర్సరీ ఉంది. నర్సరీ అతను గులాబీల వెనక నల్ల కవర్లలో జానెడు మొక్కలు పెట్టాడు. ఒక ఆకు తుంచి నోట్లో పెట్టుకోమన్నాడు. ముందు తీపి, తర్వాత ఇంకా తీపి, చివర నాలుక వెనకాల అతిమధురం నమిలినట్టు సన్నటి చేదు.

"ఎండ తగలనివ్వండి గానీ, వేళ్ల దగ్గర నీళ్లు నిలవనివ్వకండి. నీళ్లకి చచ్చిపోయినన్ని ఎండకి చావవు. పూత వచ్చిందా, తుంచి పడెయ్యండి. పూసిన చెట్టు ఆకులో పస ఉండదు" అన్నాడు.

ఆరు మొక్కలు కొన్నాను. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడ దాకా తెచ్చాను. డాబా మీద పాత పెయింటు బకెట్లకు అడుగున రంధ్రాలు చేసి, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నాటాను. బకెట్ల మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాను. అమ్మ కరివేపాకుకు పోసినట్టే వీటికీ పొద్దున సాయంత్రం చెంబుల కొద్దీ నీళ్లు పోసింది. మూడోది, ఐదోది పది రోజుల్లో కుళ్లిపోయాయి. మిగిలిన నాలుగింటి కొమ్మలు కత్తిరించి తడి ఇసుకలో గుచ్చితే పదకొండు బతికాయి. ఎండాకాలం వాటి మీద పచ్చ నెట్ కట్టాను. సెలవు రోజుల్లో పూమొగ్గలు గిల్లడమే నా పని.

మొదటిసారి ఆకు వేసి కాచిన టీని నాన్న ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఏం సారూ, ఇది టీయా, మేకలకు మరిగించిన కుడితా?"

"తీపి లేదా?"

"తీపున్నది. తీపి ఎనుక ఏదో నక్కి కూసున్నది."

ఆ నక్కి కూర్చున్న చేదును పోగొట్టింది అమ్మ. ఆకును టీతో పాటు మరిగిస్తే చేదు టీలోకి దిగుతుందని ఆమెకే తట్టింది. నీడలో ఎండబెట్టిన ఆకును చేత్తో నలిపి, వేడి నీళ్లలో నానబెట్టి, బట్టతో వడగట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేది. టీ దించాక ఆ నీళ్లు ఒక మూత పోసేది. నాన్న ఏమీ అనకుండా తాగాడు. అమ్మ ఆ మొక్కకు తీపాకు అని పేరు పెట్టింది. వారం తిరిగేలోపు వాడంతా ఆ పేరే అన్నారు. నేను వచ్చిన వాళ్లందరికీ డాబా చూపించి, చక్కెర కంటే ఎన్నో రెట్లు తీపి అని చెప్పేవాణ్ని. ఎవరో ఒకరు ఆకు నమిలి కళ్లు పెద్దవి చేసేవాళ్లు. అది చూడటం నాకు బాగుండేది.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నేను ఆగలేదు. ఒక సెలవు రోజు వంటింట్లో ఉన్న చక్కెర, బెల్లం, పక్క షాపులో తెచ్చిన బిస్కెట్లు, శరబతు సీసా, అన్నీ ఒక సంచిలో వేసి పక్కింటి అత్తకు ఇచ్చేశాను. అమ్మా ఆమే ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. నాకు ఆమె అత్త.

"ఇంటికి మనిషొస్తే ఏం పోస్తవ్ రా?" అంది అమ్మ.

"అందరికీ తీపాకే."

"చారెడు చక్కెరన్న ఉండనియ్యి. మంచికో చెడ్డకో అవసరం పడ్తది."

"ఉంటే నాయిన కలుపుకుంటడు. చక్కెర అంటే విషం అనుకో. విషం ఇంట్లో పెట్టుకుంటమా?"

అమ్మ చక్కెర డబ్బా కడిగి ఎండబెట్టి, అందులో ఆకు పొడి నింపింది. నాన్న పొద్దున తినే నాలుగు ఇడ్లీలు రెండయ్యాయి. మధ్యాహ్నం అన్నం సగమైంది. రాత్రి జొన్నరొట్టె. నేను ప్రతి సెలవు రోజూ షుగర్ చూసే మీటరుతో వేలిమీద పొడిచి, అంకె నోట్‌బుక్‌లో ఎక్కించేవాణ్ని. అంకెలు వారం వారం దిగాయి. కాలి పుండు మానింది. నాన్న మిల్లుకు సొంత ఫ్లాస్కు తీసుకెళ్లేవాడు. హమాలీలు "ఏం మామా, చెట్టు టీ మాగ్గూడ జర పొయ్యరాదు" అని ఆటపట్టించేవాళ్లట.

రెండు నెలలకు మళ్లీ రమ్మని డాక్టరు చెప్పారు. నేనే వాయిదా వేశాను. మూడు నెలల అంకెలు పూర్తయితే ఒక గ్రాఫు గీసి చూపిద్దామని. నోట్‌బుక్‌లో చివరి గడికి 'ఇతర విషయాలు' అని పేరు పెట్టాను. అందులో మూడుచోట్ల 'అలసట' అని రాసి ఉంది. నాన్న మూడు వేర్వేరు వారాల్లో, పది గంటల వేళకు చేతులు వణికాయనీ, కళ్లు మసకబారాయనీ చెప్పినప్పుడు నేను రాసిన మాట అది. మిల్లుకు వడ్లు దిగే కాలం. రోడ్డు పొడవునా లారీలు. అలసట కాక ఇంకేముంటుంది అనుకున్నాను.

ఆ రోజు మా ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు. బట్టీ దగ్గర ఒక ఉష్ణోగ్రత కొలత తప్పు చూపిస్తుంటే పైకి ఎక్కాం. పైకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. దిగి లాకరు తెరిచేసరికి పదకొండున్నర దాటింది. అమ్మ నుంచి మూడు మిస్డ్ కాల్స్. మొదటిది ఇరవై నిమిషాల కిందటిది.

నేను షిఫ్టులో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చెయ్యదు. లాకరు ముందే నిలబడి చేశాను.

"ఎన్నిసార్లు చెయ్యాల్రా నీకు? నాయిన మంచిగ లేడు."

"ఏమైంది?"

"అర్ధగంట కింద మిల్లు కాడికెల్లి వచ్చిండు. వచ్చి కుర్చీల కూలబడ్డడు. అంగీ మొత్తం తడిసింది. బాయిలర్ కాడినుంచి వస్తే ఎప్పుడుండేదే గదా అనుకున్న. అన్నం తినమంటే మాట్లాడడు. గోడ దిక్కు సూస్తుండు. పిలిస్తే ఊఁ అంటుండు, ఇగ గంతే."

"పొద్దున తిన్నడా?"

"ఏడ తిన్నడు? గోలీ మింగి కాళ్లు కడుక్కుంటుంటే మిల్లు నుంచి ఫోనొచ్చింది. స్టీమ్ నిలుస్త లేదంట. ఇడ్లీ గట్లనే ఉన్నది."

టాబ్లెట్ ఎనిమిదింటికి. తిండి లేదు. మూడున్నర గంటలు. అంకె తెలియకపోయినా అది ఎటు పోతోందో నాకు తెలిసింది.

"అమ్మా, షుగర్ పడిపోయింది. తీపి..."

"ఇచ్చిన్రా. నాకు యాదికి లేదా? నువ్వు చెప్పినట్టే ఇచ్చిన. రెండు గ్లాసులు తాపిన. ఇప్పుడు మూడోది."

లాకర్ల పక్కన బల్ల మీద కూర్చున్నాను. రెండు గ్లాసులు పోయాక పది, పదిహేను నిమిషాల్లో తేరుకోవాలి.

"తేరుకుంటుండా?"

"లేదు. ఇంకా గుంజుకపోతుండు. నేను చిక్కగనే కలిపిన. నోరు చేదొస్తదేమో అన్నంత చిక్కగ."

చక్కెర ఎంత కలిపినా చేదు రాదు.

"అమ్మా, ఏం కలిపినవ్?"

"ఏం కలుపుతరు? తీపాకు. ఇంట్ల ఇంకేమున్నది?"

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బట్టీ ఆగి చల్లగా ఉన్నప్పుడు, వైరు విప్పి చేతిలోని పరికరంతో ఒక సిగ్నల్ పంపిస్తే కంట్రోల్ రూమ్ తెర మీద వెయ్యి డిగ్రీలు కనబడుతుంది. బట్టీలో మాత్రం ఏ మంటా ఉండదు. స్టీవియా నాలుకకు పంపేది అలాంటి సిగ్నలే, లోపలికి ఏమీ పోదు అని క్యాంటీన్‌లో తోటివాళ్లకు ఎన్నోసార్లు చెప్పి మెప్పు పొందాను. అమ్మకు ఒక్కసారి కూడా చెప్పలేదు. అమ్మకు నేను చెప్పినవి రెండే. చెమటలు పడితే తీపి ఇవ్వాలి. చక్కెర కంటే ఆకు తీపి ఎక్కువ. ఆ రెండూ కలిపితే ఎవరైనా ఆ గ్లాసే కలుపుతారు.

"అమ్మా, అది పని చెయ్యదు. చక్కెర కావాలె. ఇప్పుడే."

"చక్కెరనా?"

"చక్కెరే. దుకాణం కాడికి..."

"షుగర్ మనిషికి చక్కెర పొయ్యమంటవా? నీకేమన్న పిచ్చి లేసిందారా? విషమన్నవ్. ఇంట్ల గింజ లేకుంట ఊడ్చుకపోయినవ్. ఇప్పుడు మనిషి చావు బతుకుల ఉంటే అదే పొయ్యమంటవా?"

"ఆకులో చక్కెర లేదమ్మా!"

"లేకుంటే తీపెట్లొచ్చింది? ఎన్నో రెట్లు తీపని ఊరంత చెప్పింది నువ్వు గాదా?"

ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు లేవు. అమ్మ వెనకాల ఏదో స్టీలు వస్తువు నేల మీద పడి దొర్లిన చప్పుడు. "అయ్యో, చెయ్యి విసురుతుండు" అంది.

"అమ్మా, పక్కింటి అత్తను పిలువు. చక్కెర డబ్బా పట్టుకొని రమ్మను. ఫోన్ ఆమెకియ్యి. ఉరుకు."

అమ్మ గుమ్మంలోకి పోయి అరిచింది. "వదినా! ఓ వదినా! చక్కెర డబ్బ తీస్కొని రాయే!" ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. నా పక్కకు వచ్చిన వెల్డరు నా ముఖం చూసి ఏమీ అడగకుండా తన ఫోన్ తీశాడు. "ఇంటి గుర్తు చెప్పు, అంబులెన్స్‌కు చేస్తా" అన్నాడు. చెప్పాను. ఒక చెవిలో మా వంటింట్లో కుక్కరు కూత, రెండో చెవిలో మా వాడ పేరు అక్షరం అక్షరం చెప్తున్న వెల్డరు.

పక్కింటి అత్త ఫోన్లోకి వచ్చింది. ఆయాసపడుతోంది.

"అల్లుడా, మీ అమ్మ వద్దంటుంది. నువ్వు పొయ్యమంటున్నవంట. పొయ్యాల్నా? రేపు ఏమన్నయితే నా మీదికి రావొద్దు."

"నా మీదనే అత్తా. నేను చెప్తున్న. మూడు చెంచాల చక్కెర, అర గ్లాసు నీళ్లు. మింగుతుండా చూడు ముందుగాల."

"పెదవులు చప్పరిస్తుండు."

"కూసోబెట్టే ఉంచుండ్రి. పండబెట్టొద్దు. చెంచతోని కొంచెం కొంచెం. ఒకటి మింగినంకనే ఇంకోటి. మింగకపోతే ఆపెయ్, పొయ్యకు."

"వదినా, తల పట్టుకో. వాడు చెప్తుండుగా. పట్టుకో నువ్వు."

కుర్చీ దగ్గరికి అమ్మ గాజుల చప్పుడు వచ్చింది. చెంచా గ్లాసుకు తగులుతున్న చప్పుడు మొదలైంది. నేను చెంచాలు లెక్కపెట్టాను. ఏడో చెంచా దగ్గర దగ్గు వినబడింది. అత్త ఆగింది. "మింగిండు, మింగిండు" అంది. మళ్లీ చప్పుడు. మీటరు బీరువాలో ఉంది. దాన్ని ఎలా వాడాలో ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే దాని మాట ఎత్తలేదు. లాకరు గది గోడ గడియారంలో ముల్లు చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు. ఆరు. అత్త రెండో గ్లాసు కలిపింది. తొమ్మిది. అమ్మ నాన్నను పిలుస్తోంది. రోజూ పిలిచే పిలుపుతో కాదు, నేను పుట్టకముందు పిలిచిన పిలుపేమో, నాకు తెలియని పేరుతో. ఫోన్ పక్కన పెట్టి ఉందని ఆమెకు గుర్తు లేదు.

పదకొండో నిమిషంలో నాన్న గొంతు వినబడింది. మందంగా, నిద్రలోంచి లేచినట్టు.

"ఎవలే నా మూతి మీద నీళ్లు గుమ్మరిస్తున్నది?"

"నేనే అన్నా. చక్కెర నీళ్లు. తాగు."

"చక్కెరనా?" నాలుక చప్పరించిన చప్పుడు. "పిలగాడు సూస్తే ఊకోడు. డబ్బ దాచిపెట్టుండ్రి."

వెల్డరు నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను లాకరు తలుపుకు తల ఆనించి నిలబడ్డాను.

అంబులెన్స్ వచ్చాక దవాఖానకు తీసుకెళ్లారు. ఆ టాబ్లెట్ పని చాలా గంటలు ఉంటుందనీ, ఒకసారి తేరుకున్నా మళ్లీ పడిపోవచ్చనీ చెప్పి అక్కడివాళ్లు సాయంత్రం దాకా ఉంచుకుని, గంటగంటకు చూశారు. నేను మూడు బస్సులు మారి వచ్చేసరికి మూడైంది. నాన్న మంచం మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. నన్ను చూసి ప్లేటు కొంచెం పక్కకు జరిపాడు. ఎక్కువ పెట్టుకున్నాడని నేను అంటానేమోనని.

అమ్మ వరండాలో బల్ల మీద ఉంది. నేను పక్కన కూర్చున్నా తల తిప్పలేదు.

"తప్పు నాదమ్మా. నేనే సరిగ్గ చెప్పలే."

"మూడు గ్లాసులు తాపిన్రా. కొంగుతోని మూతి తుడుచుకుంట తాపిన."

"నీకెట్ల తెలుస్తది? నేను చెప్పింది నువ్వు చేసినవ్."

"నువ్వు గాడున్నవ్. గ్లాసు నా చేతుల ఉన్నది." కొంతసేపు అరచేతులు చూసుకుంది. "ఆమె రాకపోతే నాలుగోది గూడ తాపుతుంటి."

అది నిజం.

మర్నాడు ముగ్గురం సూర్యాపేట వెళ్లాం. డాక్టరు నా నోట్‌బుక్ తీసుకుని పేజీలు తిప్పారు. గ్రాఫు గీసిన పేజీ దగ్గర ఆగలేదు. చివరి గడి మీద వేలు పెట్టారు.

"ఈ అలసట ఎవరు రాశారు?"

"నేనే సార్."

"మూడుసార్లు రాశారు. మూడుసార్లూ పది గంటలకే. మూడుసార్లూ షుగరే పడిపోయింది." నోట్‌బుక్ మూసి నా వైపు జరిపారు. "నేను టాబ్లెట్ రాసిన మనిషి రోజుకు పది చెంచాల చక్కెర తాగుతాడు, మూడు పూటలా కడుపునిండా అన్నం తింటాడు. మీరు ఆ మనిషిని మార్చేశారు. మంచిదే. కానీ నాకు చెప్పలేదు. ఆయన పాత మనిషి మందు మింగుతున్నాడు."

"ఆ చెట్లు పీకెయ్యమంటరా సారూ?" అని నాన్న అడిగాడు. ఆయన గొంతులో కొంచెం ఆశ ఉన్నట్టు నాకు అనిపించింది.

"చెట్లేం చేశాయి? టీలో వేసుకోండి. అవి మందు కాదు, తిండి కాదు. అంతే. ఇంట్లో చక్కెర మాత్రం ఉండాలి. మీ జేబులో కూడా." టాబ్లెట్ సగానికి తగ్గించి రాశారు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక మాట్లాడింది.

"నీ పుస్తకం నాకొద్దు. నాకు ఒక్కటి చెప్పు. ఆకు ఎప్పుడు, చక్కెర ఎప్పుడు?"

నేను చాలా వాక్యాలు అనుకుని వదిలేశాను. "నాయిన మంచిగున్నప్పుడు ఆకు. మంచిగ లేనప్పుడు చక్కెర."

"నాలుకకు ఆకు, పానానికి చక్కెర" అని అమ్మ తన మాటల్లోకి మార్చుకుంది. నేను మూడు నెలల్లో చెప్పలేనిది అంతే. "ఇగ ఆ సూది మిషను గూడ నేర్పియ్యి. నీ కోసం ఎదురుసూసుకుంట కూసోను నేను."

ఆ సాయంత్రం మీటరు నేర్పాను. ముందు తన వేలు పొడుచుకుంది, అబ్బా అంది, తర్వాత నాన్న వేలు. స్ట్రిప్ రెండుసార్లు తిరగేసి పెట్టింది. మూడోసారి అంకె వచ్చింది. అంకె నాకు చూపించకుండా తనే చదివింది.

నేను ఇంకో రోజు సెలవు పెట్టాను. తెల్లవారి నాన్న మామూలుగానే ఐదింటికి వెళ్లి, ఎనిమిదింటికి వచ్చాడు. సగం టాబ్లెట్ వేసుకునే మొదటి పొద్దు అది. నాన్న పీట మీద కూర్చున్నాడు గానీ, టాబ్లెట్ వైపు చూడటంలేదు. ఆయన భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఒకసారి బాయిలర్ పైపు పగిలి ఆవిరి చిమ్మితే లోపలికి పోయి వాల్వు కట్టేసి వచ్చిన మనిషి.

"సగమే కద నాయినా. ఏం కాదు" అన్నాను.

"సగమైనా అదే గోలీ గదరా. మొన్న గిట్లనే కూసున్న. తర్వాత మిల్లుకెట్ల పోయిన్నో, ఇంటికెట్ల వచ్చిన్నో నాకు ఎరుక లేదు. నడుమ మొత్తం ఖాళీ ఉన్నది."

నేను సగం ముక్క ఎంతసేపటికి ఎంత పని చేస్తుందో చెప్పబోయాను. అమ్మ వచ్చి టాబ్లెట్ చేతిలోకి తీసుకుని కొంగున ముడి వేసుకుంది. నాలుగు ఇడ్లీలు, పల్లీ పచ్చడి ఉన్న ప్లేటు తెచ్చి నాన్న ముందు పెట్టింది. మంచినీళ్లు పెట్టింది. అప్పుడు ముడి విప్పి టాబ్లెట్ ప్లేటు అంచున పెట్టింది.

"ఇగ గిట్లనే. పళ్లెం ముందటికి రాకముందు గోలీ నీ చేతికి రాదు. నేను ఇంట్ల లేకుంటే నేనొచ్చేదాంక గోలీ లేదు, నీకు అన్నం లేదు."

"ఉపాసమేందే?"

"ఉపాసం కాదు. ఎదురుసూసుడు."

నాన్న నవ్వబోతుంటే ఫోన్ మోగింది. మిల్లు నంబరు. ఆయన చెయ్యి అలవాటుగా జేబు వైపు పోయింది. ఆ నంబరుకు ఇరవై ఏళ్లుగా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోవడం మేం చూస్తూనే ఉన్నాం. అమ్మ ఆయన జేబులోంచి ఫోన్ తీసి, ఆకుపచ్చ బొత్తాం నొక్కింది. అవతలి నుంచి గొంతు గట్టిగానే వినబడుతోంది. స్టీమ్ దిగుతోందట. నాలుగు లారీలు నిలబడి ఉన్నాయట.

"తింటుండు" అంది అమ్మ.

అవతల ఏదో అన్నారు.

"తింటుండని చెప్తున్న గద సారూ. తిన్నంక వస్తడు. అప్పటిదాంక మీ ఊక మీరే జర ఏసుకోండ్రి."

ఫోన్ పెట్టేసి, దాని మీద కూర్చున్నట్టుగా తన పీట కింద దాచుకుని, నాన్న ఎదురుగా కూర్చుంది. నాన్న ఒకసారి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన టాబ్లెట్ నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. తర్వాత ఇడ్లీ తుంచి, పచ్చడిలో అద్ది, తొందర లేకుండా నమలడం మొదలుపెట్టాడు.